ప్రమాణం ఎవరిది? — జాంబ పురాణం పుట్టుక, నడక

1

తెలుగులోకి వచ్చిన మొదటి పురాణం మారన మార్కండేయ పురాణమని విద్యార్థులకు చెబుతాము. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయకు ఆ గ్రంథం అంకితమైనదని కూడా చెబుతాము. ఆ ఓరుగల్లు సీమలోనే, మాదిగవాడల పక్కన, రాత్రిళ్లు పటం కట్టి చెప్పుకున్న పురాణం మరొకటి ఉన్నది. అది జాంబ పురాణం. దానికి అవతారిక లేదు, కృతిపతి లేడు, షష్ఠ్యంతాలు లేవు. అందుచేత కాబోలు, చాలా సాహిత్య చరిత్రల్లో దానికి చోటు కూడా లేదు. చోటు దొరికినప్పుడు 'జానపద వాఙ్మయం' అనే శీర్షిక కింద ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టడం రివాజు.

ఇలా ఎందుకు జరిగిందని అడిగితే పండితుల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఇది పద్దెనిమిది మహాపురాణాల్లో లేదు, ఉపపురాణాల జాబితాలోనూ లేదు. వ్యాసుడు చెప్పినది కాదు, తాళపత్రం మీద శుద్ధపాఠం లేదు, ఒకడు చెప్పినట్టు మరొకడు చెప్పడు. కాబట్టి అప్రామాణికం.

ఈ సమాధానాన్ని నేను తేలికగా తీసుకోను. ఎందుకంటే పురాణం అప్రామాణికమన్న మాట వెనుక, ఆ పురాణాన్ని నమ్ముకున్న మనుషులు అప్రామాణికులన్న మాట దాగి ఉన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే: ప్రామాణికత గ్రంథం లోపల పుట్టే గుణం కాదు. దాన్ని మోసినవారికీ, పోషించినవారికీ సమాజంలో ఉన్న బలం నుంచి అది వస్తుంది. అయితే బయటికి నెట్టబడినంత మాత్రాన ప్రతి గ్రంథమూ తిరుగుబాటు గ్రంథం అయిపోదు. ఈ రెండు మాటలనూ కలిపి పట్టుకుంటే తప్ప జాంబ పురాణం మనకు అర్థం కాదు.

2

దగ్గరి విషయాన్ని సరిగా చూడడానికి ఒక్కొక్కసారి దూరపు ఉదాహరణ పనికివస్తుంది. క్రీ.శ. 216లో బాబిలోనియాలో పుట్టిన మాని అనే ప్రవక్త ఒక మతం స్థాపించాడు. చివరకు పారశీక చక్రవర్తి చెరసాలలో మరణించాడు. అతడు తన అనుయాయులకు ప్రమాణంగా వదిలిన గ్రంథాల్లో ఒకటి 'రాక్షసుల గ్రంథం'. ఆకాశం నుంచి దిగివచ్చిన దేవదూతలకూ, మానవ స్త్రీలకూ పుట్టిన మహాకాయుల కథ అది. వారి దౌర్జన్యం, వారికి వచ్చిన పీడకలలు, ఆ కలలకు హనోకు అనే పూర్వ ఋషి చెప్పిన అర్థం, చివరకు వారి నాశనం అందులో ఉన్నవి. బైబిలు మొదటి కాండమైన ఆదికాండం ఆరవ అధ్యాయంలో ఈ మహాకాయుల గురించి ఉన్నవి నాలుగే వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల గింజ నుంచి ఒక గ్రంథమే మొలిచింది.

ఈ గ్రంథం మానియే కల్పించాడని చాలాకాలం అనుకోవడానికి వీలుండేది. మూల గ్రంథం దొరకలేదు. రోమన్ చక్రవర్తులు ఈ మతం పుస్తకాలను తగులబెట్టమని ఆజ్ఞలిచ్చారు. జర్మన్ పరిశోధకులు 1902–1914 మధ్య మధ్యాసియాలోని తుర్ఫాన్ ఎడారి నుంచి తెచ్చిన చింపిరి కాగితాల్లో దాని తునకలు బయటపడ్డాయి. 1943లో హెన్నింగ్ అనే పండితుడు పారశీక, సోగ్డియన్ మొదలైన భాషల్లోని ఆ తునకలను ఏరి ప్రకటించాడు. తరువాత మృతసముద్ర తీరాన కుమ్రాన్ గుహల్లో దొరికిన చర్మపత్రాల్లో, మాని పుట్టుకకు సుమారు మూడు వందల ఏళ్లకు పూర్వపు అరమాయిక్ భాషలో, అదే కథ తునకలు కనిపించాయి. మిలిక్ అనే పండితుడు 1970 ప్రాంతాల్లో ఆ సంబంధాన్ని నిరూపించాడు. అంటే యూదుల ఒక శాఖ ఆదరించి చదువుకున్న గ్రంథాన్ని వారి ప్రధాన సంప్రదాయం పక్కన పెట్టింది. మాని దాన్ని చేరదీశాడు. అతని శిష్యులు వర్తక మార్గాల వెంట చైనా పొలిమేరల దాకా మోశారు.

ఈ ప్రయాణంలో రెండు విషయాలు మనం గుర్తుంచుకోవాలి. మొదటిది, గ్రంథం ఎక్కడికి వెళితే అక్కడి పేర్లు పెట్టుకున్నది. అరమాయిక్‌లో ఒహ్యా అనే రాక్షసుడు పారశీకంలో సామ్ అయినాడు. సామ్ ఇరానీయులకు ఇష్టమైన వీరుని పేరు. కుమ్రాన్ పాఠంలోనైతే బాబిలోనియా వీరుడు గిల్గమెష్ కూడా ఒక రాక్షసుడై కూర్చున్నాడు! రెండవది, మాని చిత్రకారుడు. తన బోధను బొమ్మల పుస్తకంగా కూడా వేసి పంపాడు. అక్షరం తెలియనివారికి బొమ్మ చూపి చెప్పడం ఆ మతానికి ముఖ్యమైన సాధనం. పెద్ద మతాలు కాదన్న గ్రంథం, మారే పేర్లు, బొమ్మ చూపి చెప్పే కథ: ఈ మూడూ జాంబ పురాణంలోనూ ఉన్నవి.

3

జాంబ పురాణం సృష్టితో మొదలవుతుంది. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే జాంబవుడు పుట్టాడని దాని మొదటి ప్రకటన. అంతటా నీరే ఉన్నది. ఆదిశక్తి ఉన్నది. త్రిమూర్తులు ఆమె వలన తరువాత పుట్టినవారు. వారు పసివాళ్లు, జాంబవుడు తాత. కన్నడ ప్రాంతంలో నమోదైన కథనాల్లో నీరు భూమిగా గట్టిపడడానికి జాంబవుడు తన సొంత కొడుకు రక్తాన్ని అందులో కలిపినట్టు ఉన్నది. పాలలో తోడు వేసినట్టన్నమాట. ఆ కొడుకు పేరు హెప్పుముని. కన్నడంలో 'హెప్పు' అంటే పెరుగు తోడు. పెరుగు తోడేసిన చేతులు తప్ప ఈ ఉపమానాన్ని ఎవరు కట్టగలరు?

ఆ తరువాత గోవు కథ వస్తుంది. కామధేనువును కాచే కుర్రవాడికి పాల రుచి తగిలి, మాంసం మీద ఆశ పుడుతుంది. ఆవు చనిపోతుంది. దేవతలందరూ కలిసినా చచ్చిన ఆవును కదల్చలేరు, కోయలేరు. తపస్సులో ఉన్న జాంబవుణ్ణి దిగి రమ్మని పిలుస్తారు. ఆ పిలుపులోని 'దిగు' నుంచే కులం పేరు వచ్చిందని కథకులు చెప్పే వ్యుత్పత్తి. జాంబవుడు వచ్చి కోస్తాడు. వంటలో ఏదో తప్పు జరుగుతుంది, శాపం వస్తుంది, పెద్దవాడు ఊరి బయటికి పోతాడు. కథకుణ్ణి బట్టి పేర్లూ, తప్పూ మారుతాయి. మూడవ భాగం వాదం. జాంబవుడు బ్రాహ్మణునితో ముఖాముఖి నిలబడి, ఎవరు ముందు పుట్టారు, ఎవరికి ఎవరు ఋణపడ్డారు అని ప్రశ్నలు వేస్తాడు. చిందు యక్షగానంలో ఈ ఘట్టమే ప్రాణం.

ఇది ఎప్పుడు పుట్టింది? తేదీ కోసం తవ్వితే మనకు దక్కేది శూన్యం. పొరల కోసం తవ్వితే ఫలితం ఉంటుంది. జాంబవంతుడు వాల్మీకికి తెలిసినవాడే. బ్రహ్మ ఆవులించగా పుట్టినవాడనీ, త్రివిక్రముడు పెరిగిన నాడు ఆయనకు ప్రదక్షిణం చేసిన వృద్ధుడనీ రామాయణం చెబుతుంది. భాగవతం అతని కూతురు జాంబవతిని కృష్ణునికిచ్చి పెళ్ళి చేసింది. అంటే 'అందరికంటే పెద్దవాడు' అన్న గింజ ప్రామాణిక గ్రంథంలోనే ఉన్నది. పండితులు ఆ పెద్దరికాన్ని ఎలుగుబంటికి ఇచ్చి ఊరుకున్నారు. మాదిగవాడ ఆ పెద్దరికాన్ని మనిషికి ఇచ్చింది. నాలుగు వాక్యాల నుంచి రాక్షసుల గ్రంథం మొలిచినట్టే ఇదీ మొలిచింది. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న వాదం నేను చేయను. వాల్మీకి కంటే ముందే అలాంటి తాత కథ అడవుల్లో ఉండి ఉండవచ్చు కూడా.

ఈ పురాణానికి భౌతికమైన పునాది కూడా చూడాలి. మన ప్రాంతంలో బావుల కింది సేద్యం తోలుబొక్కెన లేనిదే సాగలేదు. మోటకు తోలు, కమ్మరి కొలిమికి తోలుతిత్తి, కాలికి చెప్పు, కాడికి పలుపు, చాటింపుకు డప్పు. ఊరి ఉత్పత్తి అంతా తోలు మీద నడిచింది. తోలు పనివాణ్ణి మాత్రం ఊరు తాకలేదు. దేవతలందరూ కదల్చలేని ఆవును ఒక్క జాంబవుడే కోయగలిగాడన్న కథ, ఈ సత్యాన్ని పురాణ భాషలో చెప్పడమే. నీవు లేనిదే నాకు గడవదు, అయినా నీవు బయటే ఉండు అన్న వ్యవస్థకు అది అద్దం పట్టింది.

అచ్చులో ఈ కథలు మొదట కనిపించినది మన పండితుల పుస్తకాల్లో కాదు. ఒంగోలు ప్రాంతపు మిషనరీ కుటుంబానికి చెందిన ఎమ్మా రాషెన్‌బుష్ క్లఫ్ 1899లో మాదిగల గురించి ప్రకటించిన పుస్తకంలోనూ, 1909 నాటి థర్‌స్టన్ కుల వర్ణన సంపుటాల్లోనూ మాదిగల పుట్టుక గాథలు ఎక్కాయి. ఒకరికి మతవ్యాప్తి లక్ష్యం, మరొకరికి వలసపాలన లక్ష్యం. వారి ఉద్దేశాలను శంకించే హక్కు మనకున్నది. కాని మన ఇంటి ముందు చెప్పిన కథను మనం వినలేదన్న నిజాన్ని ఆ శంక చెరపలేదు. వరంగల్లు ప్రాంతపు దేవనూరులో 1925లో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలను విశ్వవిద్యాలయ పరిశోధనకు అర్హమైన విషయంగా నిలబెట్టిన తరువాతనే మన దృష్టి ఇటు మళ్లింది. నేడు వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. ఆ మేరకు దారి పడింది.

4

ఇక ఈ పురాణాన్ని మోసినవారెవరు? మాదిగలు తమ పురాణాన్ని తాము చెప్పుకోరు. వారికి చెప్పడానికి ఆశ్రిత కులాలు ఉన్నవి. పటం కట్టి, కిన్నెర మీటుతూ చెప్పేవారు డక్కలివారు. వేషం కట్టి ఆడేవారు చిందువారు. పద్మశాలీలకు మార్కండేయ, భావనాఋషి కథలు చెప్పే కూనపులివారు, గౌడులకు కథ చెప్పే గౌడజెట్టివారు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవారు ఇదే ఏర్పాటులో భాగం. ఏ ఇంటివారికి ఏ ఊళ్లు అన్నది వంశపారంపర్యపు హక్కు. కథ చెప్పినందుకు ముట్టవలసిన త్యాగం కట్టుబాటు ప్రకారం ముట్టవలసినదే. దాన్ని భిక్ష అనడానికి వీలులేదు.

పటం వేసేవారు వేరు. పూర్వపు వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 పునర్విభజనలో సిద్దిపేట జిల్లాకు పోయిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఉన్నారు. నేత గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. అది ఆరిన తరువాత ఎర్రని నేల మీద బొమ్మలు దిద్దుతారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉండే పటాలు ఉన్నవి. కథకుడు వచ్చి కథ చెబితే చిత్రకారుడు గడులు కడతాడు. చివర కళ్లు దిద్దిన తరువాత పటం దేవత అవుతుంది. పటం చినిగి, రంగు పోయినప్పుడు దాన్ని పారవేయరు, నీటిలో కలుపుతారు. కొత్త పటం పాతదాన్ని చూసి వేస్తారు. పదిహేడవ శతాబ్ది నాటి తెలంగాణ పటాలు హైదరాబాదులోని మిత్తల్ సంగ్రహంలో ఉన్నవంటే ఈ కళ ఎంత పాతదో తెలుస్తుంది.

ఇక్కడ పాఠ పరిష్కర్తలకు చిక్కు వస్తుంది. ఈ గ్రంథానికి 'ప్రతి' ఏది? పటమా, కథకుని నోటి మాటా, చిందు ఆటా? నా ఉద్దేశంలో ఈ మూడింటిలో ఏ ఒక్కటీ గ్రంథం కాదు. చెప్పేవాడు, వేసేవాడు, వినేవాడు ముగ్గురూ కలిసిన రాత్రి గ్రంథం ఉంటుంది. ఆ ముగ్గురినీ కలిపి ఉంచినది ఆర్థిక సంబంధం. శుద్ధపాఠం లేదని నిందించే పండితుడు ఈ సంబంధాన్ని చూడడు. తాళపత్రానికి కూడా ఒక రాజూ, ఒక లేఖకుడూ, ఒక మఠమూ ఉండేవన్న మాట మరచిపోతాడు.

ప్రామాణిక పురాణాల సంగతి మాత్రం ఏమిటి? వాటిని నైమిశారణ్యంలో మునులకు చెప్పినవాడు సూతుడు. సూతులు ప్రతిలోమ సంతానమని స్మృతులే అంటాయి. ఎత్తైన ఆసనం మీద కూర్చున్న రోమహర్షణ సూతుడు తనను చూసి లేవలేదని బలరాముడు దర్భతో చంపిన కథ భాగవతం దశమ స్కంధంలోనే ఉన్నది. పురాణం పవిత్రం, పురాణం చెప్పే నోరు మాత్రం తక్కువది! ఆ సూతుడికీ, డక్కలి కథకుడికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

స్కాంద పురాణం మరొక ఉదాహరణ. దేశంలోని స్థలపురాణాలెన్నో తాము స్కాందంలోని భాగమని చెప్పుకున్నవి. వైశ్యుల కన్యకా పురాణం కూడా అలాగే చెప్పుకున్నది. సంపద ఉన్న కులానికి సంస్కృత శ్లోకాలు కట్టే పండితుడు దొరుకుతాడు, మహాపురాణంలో ఒక ఖండం కూడా దొరుకుతుంది. మాదిగవాడకు దొరికినది డక్కలి కిన్నెర. ప్రామాణికానికీ అప్రామాణికానికీ మధ్య ఉన్న గీత తాత్త్వికమైనదని నన్ను నమ్మించాలంటే, ముందు ఈ తేడాకు సమాధానం చెప్పాలి.

5

ఇంతవరకు చెప్పినది పండితులతో నా తగాదా. ఇప్పుడు మన పక్షంవారితో కూడా ఒక తగాదా ఉన్నది.

మనలో కొందరు యువకులు జాంబ పురాణాన్ని అచ్చమైన విప్లవ గ్రంథంగా ఎత్తి చూపుతారు. ఎం.ఏ. తరగతిలో నా విద్యార్థులు ఇలాంటి వ్యాసాలు రాసి తెస్తుంటారు. వారి ఆవేశం నాకు ఇష్టమే. పురాణంలో మొదటి భాగం, మూడవ భాగం చూస్తే వారి మాట నిజం. 'మేము ముందు పుట్టాము' అన్న మాట చిన్నది కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచమ పదాన్ని తోసివేసి 'ఆది ఆంధ్ర' అన్నప్పుడు, ఆ 'ఆది'లో ఉన్న ధిక్కారం ఈ వాడలకు కొత్త కాదు. ఒకటి మరొకదాని నుంచి నేరుగా వచ్చిందని నేను అనను. విన్న చెవులు మాత్రం అప్పటికే సిద్ధంగా ఉన్నవి.

రెండవ భాగాన్ని ఏం చేద్దాం? ఆవు కథలో పురాణం శత్రువు చట్రాన్నే ఒప్పుకుంటుంది. అంటరానితనానికి కారణం భూమీ, శ్రమా, అధికారమూ కాదట! ఒక కుర్రవాడి జిహ్వచాపల్యమూ, ఒక వంటలో పొరపాటూ, ఒక శాపమూనట. మేము పెద్దవాళ్లమే గాని మా తప్పు వల్ల పడిపోయాము అన్న ఈ సమాధానం ఓదార్పునిస్తుంది. ఆ ఓదార్పుతోనే కట్టివేస్తుంది. పడిపోవడానికి తప్పు కారణమైతే లేవడానికి ప్రాయశ్చిత్తం మార్గం అవుతుంది, పోరాటం కాదు. అణచివేయబడినవారి పురాణంలో అణచివేసినవారి గొంతు ఇంత లోతుగా వినిపించడం మనం దాచవలసిన విషయం కాదు, చదవవలసిన విషయం.

ఇంతకంటే పెద్ద వైరుధ్యం కథ బయట ఉన్నది. బ్రాహ్మణుణ్ణి నిలదీసే ఈ పురాణాన్ని మోసిన డక్కలివారిని మాదిగలు తమకంటే తక్కువగా చూశారు. డక్కలివాడు మాదిగ ఇంటి గడప దాటరాదు, వాడకు ఎడంగా దిగాలి. అంటరానితనాన్ని ప్రశ్నించే గ్రంథం, అంటరానివారికి అంటరానివారి నోట బతికింది. తాతను పొగిడిన నోటికి తాత మనుమలు దూరం నుంచే అన్నం పెట్టారు. కులవ్యవస్థ మెట్లమెట్లుగా ఉంటుందని అంబేద్కర్ చెప్పిన సూత్రానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా? చివరి మెట్టు మీద ఉన్నవాడికి కూడా కింద మరొక మెట్టు చూపించడమే ఈ వ్యవస్థ బలం.

ఈ విషయం గతానికి సంబంధించినది మాత్రమే అనుకోవద్దు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం మాదిగల వాటా అడిగింది. న్యాయమైన కోరిక. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది. తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. అందులో మాదిగలు తొమ్మిది శాతం గల రెండవ వర్గంలోనూ, డక్కలివారు ఒక్క శాతం గల మొదటి వర్గంలోనూ ఉన్నారు. పురాణం చెప్పినవారూ, విన్నవారూ చట్టం దృష్టిలో వేరు వేరు వరుసల్లో నిలబడ్డారు. శతాబ్దాలుగా రాత్రిపూట పటం ముందు జరిగిన సంగతిని చట్టం పగటిపూట రాసింది, అంతే.

6

ఇప్పుడు మోసే భుజాలు తగ్గుతున్నవి. మోటబొక్కెన పోయి మోటారు వచ్చింది, కార్ఖానా చెప్పు వచ్చింది. ఊరి ఉత్పత్తిలో తోలు పని స్థానం మారగానే, దాన్ని ఆనుకొని ఉన్న త్యాగం కట్టుబాటు సడలింది. డక్కలివారి పిల్లలు కూలికీ, పట్నానికీ పోతున్నారు. ఇందుకు కన్నీరు కార్చవలసిన అవసరం లేదు. గడప దాటనివ్వని కట్టుబాటు పోవడం మంచిదే. అయితే కట్టుబాటుతో పాటు పురాణం కూడా పోవాలన్న నియమం లేదు. చేర్యాల చిత్రకారులు నేడు పట్నపు గోడల కోసం చిన్న పటాలు, ముఖాలు వేస్తున్నారు. బతుకు కోసం వేస్తున్నారు, తప్పు పట్టను. కాని కథ లేని పటం కొన్నవాడికి ఎర్రని నేల మీద అందమైన బొమ్మ దొరుకుతుంది, జాంబవుని ప్రశ్న దొరకదు. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు సంతోషించాము. ఆయన ఆడిన ఆటను పాఠ్యగ్రంథంగా చదవడానికి మాత్రం ఇంకా సంకోచిస్తున్నాము.

అధ్యాపకులుగా, విద్యార్థులుగా మనం చేయగలిగిన పని ఉన్నది. ఏ ఊరిలో, ఏ సందర్భంలో, ఎవరికి చెప్పారో గుర్తించి, కథకుని పేరుతో సహా కథనాలను నమోదు చేయాలి. అనేక కథనాలను కలిపి 'శుద్ధపాఠం' తయారు చేయాలన్న ఆశ మానుకోవాలి. అది మళ్లీ పండితుని దారే. పటాన్నీ, మాటనూ విడదీయకుండా చదవాలి. పురాణ వాఙ్మయం చెప్పే తరగతిలో మారన పక్కనే జాంబ పురాణాన్ని పెట్టి, రెండింటినీ ఒకే కఠినత్వంతో విమర్శించాలి. పక్కన పెట్టడం దయ చూపడానికి కాదు. ఒకదానికి భక్తి, మరొకదానికి జాలి అన్న పద్ధతి పోవడానికి.

రాక్షసుల గ్రంథం ఎడారి ఇసుకలోనూ, గుహల్లోనూ దాగి, దాన్ని నమ్మినవారు ఒక్కరూ మిగలని కాలానికి పండితుల చేతికి వచ్చింది. ఇప్పుడు దాన్ని గురించి ప్రపంచమంతా పుస్తకాలు రాస్తున్నది. మన పరిస్థితి అంతకంటే మంచిది. జాంబ పురాణం తెలిసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు, మన బస్సుల్లో ప్రయాణం చేస్తున్నారు, వారి పిల్లలు మన తరగతుల్లో కూర్చుంటున్నారు. పెద్దరికం ఎవరిదని ఆ పురాణం అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత పండితుల మీద ఎంత ఉన్నదో, డక్కలివాణ్ణి గడప బయట నిలబెట్టిన ప్రతివారి మీదా అంతే ఉన్నది.